పేరు చదివే వేళ

మొదట మోకాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పంతొమ్మిదేళ్లుగా ఈ మసీదులోనే శుక్రవారం నమాజు చదువుతున్నాను కానీ ఎప్పుడూ అక్కడ, ముందు, చెక్క జాలీ కట్టిన నా గదిలో, నా ఒక్కడి కోసం పరిచిన తివాచీ మీద, వెనక ఇద్దరు కత్తులు దూసి నిలబడి ఉండగా. ఇక్కడ పదిహేడో వరసలో ఒకడి మోచెయ్యి నా డొక్కలో ఉంది, నా పాదం మీద ఇంకెవడో కూర్చున్నాడు, ముందువాడి మడమలు బీడు నేలలా పగిలి ఉన్నాయి, వాటి వెనకే నేను నుదురు ఆనించాలి. చలి. అల్వంద్ కొండ మీద మంచు ఇంకా కరగలేదు, రాతి పలకల్లోంచి చలి ఎముకల్లోకి ఎక్కుతోంది, జనం దగ్గర ఉడికించిన దుంపల వాసన, తడి ఉన్ని వాసన, తోళ్ల వాసన. సుల్తాను యఘ్మూర్ షాని నేను. గుర్రాలు తోమేవాడి కంబళి కప్పుకుని, గడ్డానికి బూడిద పూసుకుని, నా ఊళ్లోకి నేనే దొంగలా దూరి, నా పేరు చదువుతారా లేదా అని వినడానికి వచ్చాను. ఇంత సిగ్గుమాలిన పని మా తాతముత్తాతల్లో ఎవరైనా చేశారో లేదో, చేసినా చరిత్ర రాసేవాళ్లకి మాత్రం చెప్పి ఉండరు.

ఎనిమిది రోజుల కిందట వాగు దగ్గర ఓడిపోయాను. ఓడిపోవడం అంటే పెద్ద చప్పుడుతో జరుగుతుందనుకునేవాణ్ని, అలా ఏం కాలేదు, ఎడమవైపు దళం నిదానంగా, సంతకి వెళ్తున్నట్టు, గుర్రాలు నడిపించుకుంటూ అటువైపు వెళ్లి నిలబడింది. అటువైపు అంటే నా తమ్ముడు తుర్మిష్ వైపు. తమ్ముడు ఎల్లుండికి ఊళ్లోకి వస్తాడు, వాడి సేనాని నిన్న పొద్దునే వచ్చేశాడు, ఒక్క బాణం కూడా వెయ్యకుండా ఊరి గుమ్మాలు తెరుచుకున్నాయి. కానీ ఊరు ఎవరిదో ఇంకా తేలలేదు. కోటలో నా దండు తలుపులు బిగించుకుని కూర్చుంది, వాళ్లూ ఈ మసీదు వైపే చెవి పెట్టి ఉన్నారు. శుక్రవారం ప్రసంగం చివర ఖతీబు పీఠం మీద నిలబడి ఎవరి పేరు చదివి దీవిస్తే వాడే సుల్తాను, పేరు చదవకపోతే ఎంతటివాడైనా గుర్రమెక్కిన ఒక మనిషి, అంతే. అది మాకు పుట్టుకతో వచ్చిన లెక్క. నా పేరే చదివితే కోట తలుపులు తెరుచుకుంటాయి, ద్రాక్షతోటల వెనక పల్లంలో మూడు వందల గుర్రాలతో దాక్కున్న ఇల్బేగ్ దూసుకొస్తాడు, ఇద్దరం ఒకే దాది పాలు తాగినవాళ్లం, నేను కంబళి విసిరేసి లేచి నిలబడితే చాలు. తమ్ముడి పేరు చదివితే నేను చెప్పులు వెతుక్కుని బయటికి నడవాలి. ఇల్బేగ్ నన్ను రావద్దన్నాడు. "వినడానికి ఇంకెవణ్నైనా పంపుదాం అన్నా, నీకు చాదస్తం కాకపోతే!" అన్నాడు. ఇంకొకడు విని వచ్చి చెబితే నేను నమ్మనని వాడికి తెలుసు. పంతొమ్మిదేళ్లు అందరూ వచ్చి చెప్పినవన్నీ నమ్మాను, ఇక చాలు.

"కాస్త జరుగు తాతా, ఒళ్లంతా పరుచుకుని కూర్చున్నావు, మీ ఇంటి అరుగనుకున్నావా?" అన్నాడు మోచేతివాడు. తాతట. నలభై ఆరేళ్లు నాకు. జరిగాను. పుట్టాక ఒకరు జరగమంటే జరగడం ఇదే మొదలేమో, ఎంత తేలిగ్గా జరిగానంటే నాకే నవ్వొచ్చింది. వాడి చేతుల గోళ్లలో ఎర్రమట్టి, కనుబొమల్లో కూడా మట్టి, భూమి కింద నీటి కాలువలు తవ్వేవాడు. "ఎవరి పేరు చదువుతారంటావు?" అని అడిగాను, గొంతు మార్చి. వాడు అటూ ఇటూ చూశాడు. వరసల మధ్య దుడ్డుకర్రలు పట్టుకుని తమ్ముడి మనుషులు తిరుగుతున్నారు, పీఠం కింద నలుగురు కత్తులు దూసి నిలబడ్డారు. "ఎవరి పేరైతే నాకేంటి? నేను తవ్వేది నేల కింద. అక్కడికి ఏ సుల్తానూ రాడు," అన్నాడు. తర్వాత ఏమనుకున్నాడో, నా చెవి దగ్గరికి వంగి, "ఒకసారి వచ్చాడులే. యఘ్మూర్ షా. రయ్ కోట మీదికి దండెత్తి వెళ్తూ మా ఊరి దగ్గర ఆగాడు. అప్పుడే మా సొరంగం కూలింది, మా తమ్ముడు లోపల. సైన్యాన్ని ఆపించి రెండు రోజులు తవ్వించాడు," అన్నాడు. బతికాడా అని అడిగాను. "ఎక్కడ బతుకుతాడు? శవం దొరికింది. దొరికింది కదా మరి! మా అమ్మ మొహం చూసుకుంది. కానీ చెప్పకూడదు గానీ తాతా, రాజుగా పనికొచ్చే మనిషి కాదు. యుద్ధానికి వెళ్తూ ఎవడైనా బావులు తవ్విస్తాడా?"

ఆ రెండు రోజులు. ఆ రెండు రోజుల్లో రయ్ కోటకి సాయం చేరింది, నేను వెళ్లేసరికి బురుజుల మీద కొత్త జెండాలు, నెల రోజులు మంచులో కూర్చుని తిరిగొచ్చాను. నా తెలివితక్కువ పనుల్లో దాన్ని రెండోదిగా లెక్కపెట్టుకుంటూ వచ్చాను ఇన్నాళ్లూ. ఆ ఊరి పేరు కూడా గుర్తులేదు. ఒక ముసలావిడ గుర్తుంది, ఏడవలేదు, కొడుకు చెవుల్లో మట్టి కొంగుతో తుడుస్తూ కూర్చుంది, నా వైపు చూడనైనా చూడలేదు, నేను సుల్తానునని ఆవిడకి చెప్పాలనిపించి సిగ్గేసి ఊరుకున్నాను. ఎందుకు ఆగానో ఇప్పుడు కూడా చెప్పలేను. లోపల ఒకడు చీకట్లో పైనున్న డెక్కల చప్పుడు వింటూ ఉంటాడేమోనని అనిపించింది, మనం దాటిపోతున్నట్టు వాడికి తెలుస్తుందేమోనని. రాజు అలా ఆలోచించకూడదు. నాన్నగారైతే ఆలోచించేవారు కాదు, ఆయన చనిపోయే ముందు నన్ను పిలిచి చెప్పింది ఒక్కటే, "జాలి కలిగినప్పుడు గుర్రమెక్కు," అని. ఎక్కాను, చాలాసార్లు, కానీ నా గుర్రాలన్నీ ఎందుకో వెనక్కి తిరిగేవి.

మొదటి తెలివితక్కువ పని తుర్మిష్ కళ్లు. మా వంశంలో తిరగబడ్డ తమ్ముణ్ని చంపరు, చంపితే పాపం, కళ్లలో కాల్చిన సూది దింపుతారు, చూపు లేనివాడు సుల్తాను కాలేడు కాబట్టి ఆ గొడవ అంతటితో సరి. బాబాయిలు ఇద్దరు మా ఇంట్లో గోడలు తడుముకుంటూ తిరిగేవారు నా చిన్నప్పుడు, మేం వాళ్ల చేతుల్లో కిస్‌మిస్‌లు పెట్టి పారిపోయేవాళ్లం. పదకొండేళ్ల కిందట తుర్మిష్ మొదటిసారి తిరగబడి పట్టుబడ్డాడు. మాఘంలాంటి చలి, డేరా బయట మంచు, లోపల కుంపటి, కుంపట్లో సూది. అమీర్లందరూ చుట్టూ కూర్చున్నారు, పెళ్లికి వచ్చినట్టు మంచి బట్టలేసుకుని. వాణ్ని తెచ్చి నిలబెట్టారు. వాడు ఏడుస్తాడనుకున్నాను, చిన్నప్పుడు బాతుల్ని చూసి ఏడ్చేవాడు, నా గుర్రం మీద నా వెనక కూర్చుని రెండు చేతులూ నా నడుం చుట్టూ వేసి వీపుకి మొహం దాచుకునేవాడు, వాడి ముక్కు తడి నా చొక్కాకి అంటేది. ఏడవలేదు. "అన్నా, ఆ డేరా తెర ఒకసారి ఎత్తించు. కొండ చూసుకుంటాను," అన్నాడు. తెర ఎత్తారు. కొండ కనిపించలేదు, మంచు కురుస్తోంది, దానికి బదులు ఖతీబు రఫీ కనిపించాడు, ఊళ్లోంచి ఆరు మైళ్లు చెప్పులు లేకుండా నడిచొచ్చాడు, రాజు ముందుకి ప్రాణభిక్ష అడగడానికి వచ్చేవాడు అలాగే రావాలి. మంచులో అడుగులు ఎర్రగా పడ్డాయి. మహా పండితుడు, ఏవో ఖురాన్ వాక్యాలు చదువుతాడనుకున్నాను. పళ్లు టకటకలాడుతుంటే ఒక్క మాటే అన్నాడు, "ఈ పని చేశాక రేపు మీ పేరు ఏ నోటితో చదవను ప్రభూ?" నేను లేచి కుంపటిలో మంచు పోశాను. అంతే. బుస్సుమని ఆవిరి లేచింది. నా తమ్ముడు నా కాళ్ల మీద పడ్డాడు, అమీర్లు ఎవరూ నా కళ్లలోకి చూడలేదు, ఆ రోజే నా సుల్తానుగిరీ సగం పోయిందని ఇల్బేగ్ అంటాడు. "నీ వేలితో నీ కన్నే పొడుచుకున్నావన్నా," అన్నాడు. రఫీకి కుడికాలి వేళ్లు రెండు మంచు తినేసింది. అప్పట్నించీ కుంటుతాడు.

అదిగో కుంటుకుంటూ వస్తున్నాడు. జనం లేచి దారి ఇస్తున్నారు. నల్ల అంగీ, నల్ల తలపాగా, ఖలీఫా రంగు, చేతిలో ఒర లేని కత్తి, అది చంపడానికి కాదు ఆనుకోవడానికి, మెట్టు మెట్టుకీ దాన్ని చెక్క మీద టక్కుమని కొడుతూ ఎక్కుతున్నాడు. ఎంత ముసలివాడైపోయాడు! జాలీ వెనక నుంచి చూస్తే ఎప్పుడూ గడ్డం కిందభాగమే కనిపించేది, ఆ గడ్డంలోంచి నా బిరుదులు వరసగా వచ్చేవి, భూమి మీద దేవుడి నీడ, తూర్పుకీ పడమరకీ ఏలిక, అరబ్బులకీ తురుష్కులకీ ప్రభువు, ఇంకా ఏవేవో. ఆడవాళ్ల మేడ మీద కూర్చుని ఇవన్నీ విని అల్తున్, నా భార్య, దేవుడు ఆమెని చల్లగా చూడాలి, ఇంటికొచ్చాక ఆటపట్టించేది. "దేవుడి నీడవా? అయితే ఎండాకాలం వచ్చింది, వచ్చి నా పక్కన కూర్చో మరి!" అనేది. ఆమె పోయి ఆరేళ్లు. ఆమె ఉంటే ఇవాళ ఈ కంబళిలో నన్ను చూసి పడీపడీ నవ్వేది, తర్వాత ఏడ్చేది. పడమర అంటే ఎక్కడిదాకానో నాకు ఎప్పుడూ తెలియలేదు. తబ్రీజ్ తీసుకున్నాను, పోగొట్టుకున్నాను, మళ్లీ తీసుకున్నాను, ఒక కాలువ తవ్వించాను, రెండు సత్రాలు కట్టించాను, మిడతలు పడ్డ ఏడాది ధాన్యపు కొట్లు తెరిపించాను, అది కూడా నెల ఆలస్యంగా. మిగతా అంతా జీను మీదే గడిచింది. పంతొమ్మిదేళ్లలో ఎక్కువగా చూసినది ఏమిటంటే నా గుర్రం చెవులు.

రఫీ పీఠం మీద కూర్చున్నాడు. కింద నిలబడి నమాజు పిలుపు, బాంగు ఇస్తున్నారు. ఆ గొంతు మాటున పక్కవాడు మళ్లీ నా చెవిలో, ఈసారి గుసగుసగా, "తాతా, నీకు చూపు ఆనుతుందా? ఖతీబు గారి మెడ దగ్గర చూడు, నల్ల అంగీ కింద," అన్నాడు. చూశాను. తెల్లగా ఏదో ఉంది, కుట్టులేని అంచు. చలికి లోపల ఏదో చుట్టుకున్నాడు, ముసలివాడు కదా అన్నాను. "కాదు. మేం సొరంగంలోకి దిగేటప్పుడు అదే చుట్టుకుంటాం. మట్టి మీద పడితే వేరే కఫను అక్కర్లేకుండా. ఆ చుట్టు నాకు తెలీదా? ఆయన చావుబట్ట కట్టుకొచ్చాడు తాతా." అని వాడు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని తల దించుకున్నాడు. బాంగు ఆగింది. రఫీ కత్తి మీద ఆనుకుని లేచాడు. ఇక ఎవరూ మాట్లాడకూడదు, ప్రసంగం నడుస్తుండగా పక్కవాణ్ని ఊరుకోమని అన్నా వాడి జుమా, ఆ శుక్రవారం నమాజు, చెల్లదు, ఇంత పసివాడికి కూడా ఆ సంగతి తెలుసు.

అయితే నా పేరే చదువుతాడన్నమాట. నా గుండె ఎలా లేచిందో చెప్పడానికి సిగ్గుపడను. మొదటి క్షణం సంతోషమే కలిగింది, దాహం వేసినవాడికి నీళ్ల చప్పుడు వినిపించినట్టు. కంబళి ముడి విప్పుకున్నాను కూడా. రఫీ గొంతు వణకడం లేదు, దేవుణ్ని స్తుతిస్తున్నాడు, భయభక్తులతో బతకమంటున్నాడు, ప్రతి శుక్రవారం చెప్పేదే, నేను ఏనాడూ వినలేదు, జాలీ వెనక కూర్చుని ఎవరికి ఏ జాగీరు ఇవ్వాలో లెక్కేసుకునేవాణ్ని. ఇవాళ ప్రతి మాటా వినిపిస్తోంది, రెండు వేలమంది ఊపిరి బిగబట్టి ఉన్నారు, గోడ మీద పావురం కదిలితే తెలుస్తోంది. పీఠం కింద నలుగురు. నా పేరు బయటికి రాగానే ఆ నలుగురూ మెట్లెక్కుతారు, ఏడు మెట్లు. నాకు పదిహేడు వరసలు. ఇల్బేగ్ గుమ్మం చేరేసరికి రఫీ మెడ దగ్గర తెలుపు తెలుపుగా ఉండదు. తర్వాత నేను గెలుస్తాను, గెలవవచ్చు, ఈ రాళ్ల మీద నిలబడి గెలుస్తాను. చదవనీ అనుకున్నాను. అబద్ధమెందుకు, అనుకున్నాను. ముసలివాడు, ఇష్టపడి వచ్చాడు, నేను చెప్పానా? స్వర్గానికి పోతాడు, గోపురం కట్టిస్తాను, నీలం పెంకులతో.

మొదటి ప్రసంగం అయింది. కాసేపు కూర్చున్నాడు, మామూలుగానే, మూడు ఊపిరులంత సేపు. ఆ కూర్చోవడంలో కుడికాలు ముందుకి చాపుకున్నాడు, రెండు వేళ్లు లేని ఆ కాలు. కిందటి వానాకాలం తుర్మిష్ రెండోసారి తిరగబడ్డాడని వార్త వచ్చిన రోజు రఫీ గుర్రపుసాలకి వచ్చాడు నన్ను వెతుక్కుంటూ. నేను బూడిదరంగు గుర్రం డెక్క చూస్తున్నాను, ములుకు గుచ్చుకుంది. వెనక నిలబడి, "ప్రభూ, ఆ రోజు నేను రాకపోయి ఉంటే..." అన్నాడు. నేను వెనక్కి తిరగలేదు. డెక్క పట్టుకునే ఉన్నాను. తమ్ముడి మీద మంట ఉంది, ఆయన మీద కూడా కాస్త ఉందేమో. చాలాసేపు నిలబడి వెళ్లిపోయాడు, కుంటు అడుగులు గడ్డి మీద వినిపించాయి. జవాబు చెప్పలేదు. ఆ జవాబు చెప్పకపోవడం ఇదిగో, ఇలా బట్ట చుట్టుకుని పీఠమెక్కింది. తన తప్పని అనుకుంటున్నాడు. తన వల్ల నా రాజ్యం పోయిందని, దానికి తన మెడ ఇవ్వాలని. ఓరి పిచ్చివాడా! ఆ రోజు మంచు పోసింది నా చెయ్యి. నువ్వు రాకపోయినా పోసేవాణ్నేమో, కుంపటి వైపు చూస్తూ అప్పటికే చొక్కా వీపున వాడి ముక్కు తడి తలుచుకుంటున్నాను. కళ్లున్న తమ్ముడు నన్ను గెలిచాడు, గెలవనీ, ఈ పదకొండేళ్లూ నేను రాత్రి నిద్రపోయాను. అది నీకు చెప్పాలి రఫీ. ఎలా చెప్పను? పదిహేడు వరసలు.

లేచాడు. రెండో ప్రసంగం. ప్రవక్త మీద దీవెన, సహచరుల మీద దీవెన, ఇదంతా గబగబా సాగుతుంది, ఖలీఫా పేరు వచ్చింది, జనం గొణుగుతున్నట్టు ఆమీన్ అన్నారు. తర్వాత ఆగాడు. కత్తిపిడి మీద చెయ్యి మార్చుకున్నాడు. గడ్డం ఎత్తాడు, జాలీ గది వైపు తిరిగాడు, ఖాళీగా ఉన్న నా గది వైపు, అక్కడ నేను ఉన్నట్టు. నోరు తెరవడం చూశాను. అప్పుడు లేచాను. మోకాళ్లు ఎలా లేచాయో, పక్కవాడి భుజం పట్టుకుని లేచాను అనుకుంటా, యుద్ధంలో ఎడమ దళాన్ని పిలిచే గొంతుతో, ఎనిమిది రోజుల కిందట ఎవరూ వినని ఆ గొంతుతో అరిచాను, "సుల్తాన్ తుర్మిష్ షాకి దేవుడు దీర్ఘాయువు ఇచ్చుగాక! ఆయన కళ్లు చల్లగా ఉండుగాక!"

మొదట దుడ్డుకర్రలవాళ్లు ఆమీన్ అన్నారు, ముందు వరసల్లో భయపడ్డవాళ్లు అన్నారు, తర్వాత అన్ని వరసలూ, కట్ట తెగినట్టు. రఫీ నోరు తెరిచినట్టే ఉండిపోయాడు. పంతొమ్మిదేళ్లు విన్న గొంతు ఆయనకి తెలియకుండా ఉంటుందా? తలల మీదుగా వెతుకుతున్నాడు, స్తంభం, స్తంభం, కంబళ్లు, గడ్డాలు. నా మీద ఆగాయి కళ్లు. నేను తల అడ్డంగా ఊపాను, మెల్లిగా, డెక్క వదిలేసి వెనక్కి తిరిగి చెప్పాల్సిన మాట అంతా ఆ ఊపులో పెట్టి. పీఠం కింద ఒకడు కత్తి నేలకి కొట్టి తొందరపెట్టాడు. రఫీ కళ్లు మూసుకున్నాడు. "సుల్తాన్," అన్నాడు, "తుర్మిష్ షా." ఏ బిరుదూ చదవలేదు. కత్తి మీద బరువంతా వేసి మెట్లు దిగుతుంటే ఎవరో చెయ్యి అందించారు. బతికాడు.

నమాజుకి అందరూ లేచి భుజానికి భుజం ఆనించి వరస సర్దుకుంటున్నారు. ఇక చెప్పులు వెతుక్కోవాలి, ద్రాక్షతోటలకి నడిచి ఇల్బేగ్‌కి చెప్పాలి, మూడు వందలమందినీ ఇళ్లకి పొమ్మనాలి, వాడు తిట్టే తిట్లు పడాలి. నేను కాలువ తవ్వేవాడి భుజానికి భుజం ఆనించబోయాను. వాడు జరిగిపోయాడు. మొహం ఎర్రగా అయింది, కనుబొమల్లో మట్టి కూడా వణుకుతోంది. కర్రలవాళ్లు వింటారన్న భయం కూడా లేకుండా, "నన్ను ముట్టుకోకు," అన్నాడు. "ఆ ముసలాయన ప్రాణానికి తెగించి ఆ పేరు చదవబోతుంటే మధ్యలో నీ పాడు గొంతు ఎందుకు పెట్టావు? యఘ్మూర్ షా ఉప్పు తినలేదూ నువ్వు? ఆయన తవ్వించిన కాలువ నీళ్లు తాగలేదూ? ప్రసంగంలో నోరు విప్పావు, నీ జుమా ఎలాగూ పోయింది. నీలాంటివాళ్ల వల్లే పోయింది ఆయన రాజ్యం కూడా. సిగ్గులేని ముసలాడా!"

పక్క వరసలోకి వెళ్లి నిలబడ్డాడు, నా భుజం పక్కన మనిషి పట్టేంత ఖాళీ వదిలి. నేను తల దించుకుని ఆ తిట్లన్నీ విన్నాను, ఒక్కటి కూడా పోగొట్టుకోకుండా. పంతొమ్మిదేళ్ల పాలనలో నా తరఫున నన్ను తిట్టిన మనిషి వాడొక్కడే.